పిట్టల దొరకు అభిమానులు కావాలి

1969 అక్టోబర్ 5, ఆదివారం. రాత్రి బాగా పొద్దుపోయాక బీబీసీ టెలివిజన్‌లో ఒక కొత్త హాస్య కార్యక్రమం మొదలైంది. 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' దాని పేరు. ఆ పేరుగల మనిషి ఎవరూ లేరు, అందులో సర్కసూ లేదు. ఆ ఏడాది మన దగ్గర తెలంగాణ ఉద్యమం ఉడికిపోతోంది. పిల్లల చదువులు ఆగిపోయాయి. టీవీ అన్నది మన ఊళ్లకు ఇంకా రానే లేదు. లండన్‌లో కొందరు యువకులు అర్థంపర్థం లేని మాటలతో జనాన్ని నవ్విస్తున్నారన్న కబురు మన ఇందూరుకు, అంటే నిజామాబాద్‌కు, చేరే దారి అప్పటికి లేదు. అయినా ఈ దసరా సంచికకు ఆ కార్యక్రమాన్ని ముందు పెట్టుకునే రాస్తున్నాను. అది పుట్టి ఐదున్నర దశాబ్దాలు దాటినా చెక్కుచెదరకుండా బతికి ఉంది. దానికంటే ముందు నుంచీ అదే పని చేసిన మన వేషగాడు మాత్రం మన కళ్ల ముందే కనుమరుగవుతున్నాడు. అతడే పిట్టల దొర. తుపాకీ రాముడన్నా, లత్కోర్ సాబ్ అన్నా అతడే.

ముందు ఆ లండన్ వాళ్ల సంగతి. గ్రాహం చాప్‌మన్, జాన్ క్లీజ్, ఎరిక్ ఐడిల్ కేంబ్రిడ్జ్‌లో చదివారు. టెర్రీ జోన్స్, మైకేల్ పాలిన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. మధ్యమధ్యలో కత్తిరింపు బొమ్మలను కదిలించే టెర్రీ గిలియం అమెరికా నుంచి వచ్చినవాడు. ఈ ఆరుగురు కలిసి 1974 దాకా చేసినవి 45 భాగాలే. వాటిలో కథ ఉండదు. జోకు చివర ఒక మెరుపు మెరవాలన్న పాత నియమాన్ని కావాలనే వదిలేశారు. ఒక తంతు సగంలో ఉండగానే చాప్‌మన్ సైనికాధికారి వేషంలో వచ్చి, ఇది మరీ వెర్రిగా తయారైంది, ఇక ఆపండని హుకుం జారీ చేస్తాడు. అంతే, అది అక్కడికి ఆగిపోతుంది.

1970 సెప్టెంబర్‌లో వచ్చిన ఒక తంతు చూస్తే చాలు, ఆ నవ్వు ఎక్కడి నుంచి పుడుతుందో తెలుస్తుంది. నల్లకోటు, గుండ్రటి టోపీ, చేతిలో పెట్టె. క్లీజ్ ఆఫీసుకు నడిచిపోతుంటాడు. ఒక అడుగు వేసేసరికి కాలు నడుము దాటి పైకి లేస్తుంది. ఇంకో అడుగుకు మోకాళ్లు ముడుచుకుని నేలకు దిగిపోతాడు. ముఖంలో మాత్రం ఏ మార్పూ ఉండదు. ఆయన వింత నడకల మంత్రిత్వ శాఖలో పెద్ద అధికారి. తన నడకను ఇంకాస్త వింతగా తీర్చిదిద్దుకోవడానికి ప్రభుత్వ సాయం కావాలని ఒక అర్జీదారు వస్తాడు. నడిచి చూపించమంటాడు అధికారి. చూసి, ఇది అంత వింతగా లేదే అని పెదవి విరుస్తాడు. మిగతా శాఖలతో సమానంగా తమ శాఖకు నిధులు రావడం లేదని గోడు వెళ్లబోసుకుంటాడు. ఒక్క కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాడికి ఎవరికైనా ఈ తంతు ఇట్టే అర్థమవుతుంది. ఇంగ్లిష్ రాకపోయినా అర్థమవుతుంది.

ఆ నవ్వును ప్రేమించినవాళ్లు మామూలుగా ప్రేమించలేదు. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ సంగతే తీసుకోండి. పైథాన్ బృందం మూడో సినిమా 'లైఫ్ ఆఫ్ బ్రయన్' షూటింగ్ మొదలవబోతుండగా, మత విశ్వాసాలను గాయపరుస్తుందేమోనన్న భయంతో డబ్బు పెడతామన్న సంస్థ చేతులెత్తేసింది. హారిసన్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఆ సినిమా తీయించాడు. లాభం చూసుకుని కాదు, తనకు ఆ సినిమా చూడాలనుంది కాబట్టి. 1979లో అది విడుదలైంది. నార్వేలో, ఐర్లాండ్‌లో నిషేధించారు, బ్రిటన్‌లోనే కొన్ని పట్టణాల పాలకమండళ్లు అడ్డుకున్నాయి. అయినా నిలబడింది. చాప్‌మన్ 1989లో పోయాడు. మిగిలిన ఐదుగురు 2014 జూలైలో లండన్‌లోని ఓ2 అరీనాలో పది రాత్రులు మళ్లీ వేదికెక్కారు. మొదటి రాత్రి టికెట్లు నిమిషం తిరక్కుండానే అయిపోయాయి. వచ్చినవాళ్లకు అన్ని తంతులూ నోటికి వచ్చు. కొత్తగా వినడానికి కాదు, తమకు తెలిసినదాన్ని అందరితో కలిసి వినడానికి వచ్చారు. ఒగ్గు కథ తెలిసిన ఊరు మళ్లీ అదే కథకు కూర్చున్నట్టే.

ఆ అభిమానుల్లో ఒకడు నెదర్లాండ్స్ దేశపు ప్రోగ్రామర్ గీడో వాన్ రోసమ్. 1989 క్రిస్మస్ సెలవుల్లో కంప్యూటర్ల కోసం ఒక కొత్త భాష తయారుచేయడం మొదలుపెట్టి, అప్పట్లో తాను చదువుతున్న ఆ హాస్య కార్యక్రమం స్క్రిప్టుల గుర్తుగా దానికి పైథాన్ అని పేరు పెట్టాడు. 1991లో బయటికి వచ్చిన ఆ భాష ఇవాళ ప్రపంచమంతా నడుస్తోంది. నిజామాబాద్‌లో, బోధన్‌లో డిగ్రీ పిల్లలు ల్యాబ్‌లో కూర్చుని రాసేది దాంట్లోనే. సీబీఎస్ఈ బళ్లలో పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ పాఠం దాంతోనే. పుస్తకాల అట్టల మీద పాము బొమ్మ ఉంటుంది కాబట్టి పిల్లలు పాము అనుకుంటారు. ఆ భాష అధికారిక పాఠాల్లో ఉదాహరణలకు వాడే పేర్లు కూడా ఆ కార్యక్రమంలోని ఒక హోటల్ తంతు నుంచి తెచ్చినవే. ఏ హాస్యానికి ఇంత దూరం, ఇంత లోతు ప్రయాణం దక్కింది? వర్ని రోడ్డులో సైకిల్ తొక్కుకుంటూ కాలేజీకి పోయే ఆడపిల్ల చేతివేళ్ల కింద, ఆమెకు తెలియకుండానే, లండన్ నవ్వు ఒకటి కదులుతోంది.

ఇక ఈ నవ్వు పుట్టుక గురించి ఒక మాట. పైథాన్ వాళ్లు తమకు దారి చూపించినవాడిగా చెప్పుకునేది స్పైక్ మిలిగన్‌ను. 1951 నుంచి 1960 దాకా బీబీసీ రేడియోలో వచ్చిన 'ది గూన్ షో' ఆయన రాసిందే. ఆ మిలిగన్ పుట్టింది ఇంగ్లండ్‌లో కాదు. 1918 ఏప్రిల్ 16న మన దక్కన్ పీఠభూమి మీదనే, అహ్మద్‌నగర్‌లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసేవాడు. మిలిగన్ బాల్యం పుణె కంటోన్మెంట్‌లో, తర్వాత రంగూన్‌లో గడిచింది. అక్కడ ఆ పిల్లవాడు చూసిందేమిటి? మండుటెండలో మందపాటి కోట్లు వేసుకుని కవాతు చేసే మనుషులను చూశాడు. ఏ పనికైనా ఒక ఫారం, ఏ మనిషికైనా ఒక హోదా, ఏ మాటకైనా ఒక సలాం ఉండే లోకాన్ని చూశాడు. పెద్దయ్యాక ఆయన రాసిన రేడియో నాటకాల్లో వలస సైన్యం నుంచి వచ్చిన పిరికి మేజర్ ఒకడు మాటిమాటికీ కనబడతాడు. బ్రిటిష్ వెర్రి హాస్యంలో యూనిఫారం ఎందుకు అన్నిసార్లు వస్తుందో, టోపీ పెట్టుకున్న మనిషి ఎందుకు అన్నిసార్లు బోల్తాపడతాడో నాకు ఇక్కడ అర్థమైంది. అందులో కొంత దక్కన్ కంటోన్మెంట్ల దుమ్ము ఉంది.

ఆ దుమ్ము మన వైపూ పడింది. సికింద్రాబాద్, బొల్లారంలలో తెల్ల సైన్యం ఉండేది. ఆ పక్కన నిజాం సర్కారు, దాని కింద తాలూక్‌దార్లు, తాసిల్దార్లు, గిర్దావర్లు, అమీన్లు, జంగ్లాత్ వాళ్లు, అబ్కారీ వాళ్లు. ఊళ్లో గడీ, గడీలో దొర. ఇన్ని టోపీలకు సలాం కొట్టి కొట్టి అలసిన పల్లె, తన కోసం తానే ఒక టోపీవాణ్ని తయారుచేసుకుంది.

మా చిన్నప్పుడు పిట్టల దొర కోతలయ్యాక కళ్లాల మీదికి వచ్చేవాడు. ఖాకీ కోటు, గుండీలు ఒకదానికొకటి పొంతన లేనివి. ఛాతీ మీద బిళ్లలు, దగ్గరికి పోయి చూస్తే సీసా మూతలు, తాళం చెవులు, ఏవో రేకు ముక్కలు. మోకాళ్ల దాకా లాగు. ఒక కాలికి బూటు, రెండో కాలికి ఇంకో రకం బూటు. నెత్తిన తెల్లదొరలు పెట్టుకునే గట్టి టోపీ, అంచు పగిలినది. కళ్లకు నల్లద్దాలు. మెడలో ఈల. భుజం మీద కట్టె తుపాకీ, దాని గొట్టానికి పాత తోలుపట్టీ. వస్తూనే ఈల ఊది, అందరినీ వరుసలో నిలబడమనేవాడు. పెద్ద పటేల్‌ను కూడా. పటేల్ నవ్వుతూ నిలబడేవాడు. ఏడాదిలో ఆ ఒక్కరోజు పటేల్‌కు హుకుం ఇవ్వగల మనిషి ఊళ్లో అతనొక్కడే.

తర్వాత మొదలయ్యేది అతని ధోరణి. తెలుగు, ఉర్దూ, ఎవరికీ అర్థంకాని ఇంగ్లిష్, మూడూ కలిపి ఊపిరి తిప్పుకోకుండా సాగేది. దాని తీరు ఇట్లా ఉంటుంది: నన్నెవరనుకుంటున్నవ్? నిజాంసాగర్ కట్టినంక నీళ్లు పోసుడు యాదిమరిస్తే మా ఇంటి చెంబు కొంటవోయి నింపొచ్చినోణ్ని. శక్కర్‌నగర్ చిమ్నీ నాది, పొగ ఒక్కటే సర్కారుకు కౌలుకిచ్చిన. మా తాతకు మంజీర మీద మూడొందల అరవై ఐదెకరాల పావు చెలక, గెట్టు పంచాది వస్తే గాలిని ఇద్దరికి సగం సగం పంచిండు. మొన్న పులిని కొట్టిన. తుపాకీ ఇంట్ల మరిచిపోయిన గని, ఫికర్ లేదు, పులి సుత ఇంట్లనే ఉండె.

చదువుతుంటే ఒకసారికి నవ్వొచ్చి ఊరుకుంటుంది. చెప్పేవాడి ముఖం చూస్తూ వింటే కడుపుబ్బేది. అతను నవ్వడు. లెక్క దగ్గర తడబడడు. ఎకరం దగ్గర పావు కూడా వదలడు, ఎందుకంటే పట్వారీ కూడా వదలడు కదా. ఎవరైనా మధ్యలో అదెట్లయితది అంటే తుపాకీ ఎక్కుపెట్టి, నువ్వు ఏ ఊరి మనిషివి, నీ పేరు ఏ రిజిస్టర్‌ల ఉన్నది అని గద్దించేవాడు. కచేరీలో ఊరివాళ్లు ఏ ప్రశ్నకు భయపడేవాళ్లో సరిగ్గా ఆ ప్రశ్న. జనం ఆ ప్రశ్నకే ఎక్కువ నవ్వేవాళ్లు. ఇది వట్టి కోతలు అనుకుంటే పొరపాటు. సర్కారు భాషకు ఉండే నడకను, దాని ఖచ్చితత్వాన్ని, దాని దబాయింపును అచ్చంగా పట్టుకుని, లోపలి సరుకును మాత్రం తీసేయడం అందులోని పనితనం. క్లీజ్ వింత నడకల శాఖలో చేసింది ఇదే. పిట్టల దొర అంతకు ముందే, కాగితం మీద ఒక్క అక్షరం రాసుకోకుండా చేశాడు.

ధోరణి అయిపోయాక గొంతు మారిపోయేది. నల్లద్దాలు తీసేవాడు. అప్పటిదాకా సలాం అడిగిన టోపీని తిరగేసి వడ్లకు పట్టేవాడు. అయ్యా, అమ్మా అని పేరుపేరునా దీవించేవాడు. మా అమ్మ చేటతో పోసేది. పిల్లలం అప్పుడు కూడా నవ్వుతుంటే, ఇక నవ్వొద్దు, అది వేషం, ఇది మనిషి అనేది.

బోధన్ ప్రాంతంలో ఈ వేషానికి ఇంకొంత మేత దొరికింది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద చెరుకు వచ్చింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించిన ఆ ప్రాజెక్టు కాల్వల వెంట 1930ల చివరికి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోనే పెద్దదని పేరు పడింది. దాంతో పాటు బంగళాలు, క్లబ్బు, ఇంజినీర్లు, కెమిస్టులు, చెరుకు ఆఫీసర్లు వచ్చారు. గేటు ముందు చెరుకు బండ్ల వరుస. కాటా దగ్గర తూకం. ఎప్పుడు నరకాలో, ఏ రోజు తేవాలో చెప్పే చీటీ. చీటీ వచ్చేదాకా చెరుకు ఎండాల్సిందే, వచ్చాక బండి మీద రాత్రంతా మేలుకోవాల్సిందే. ఒక రైతు బతుకంతా ఆ చీటీ చేతిలో ఉన్నప్పుడు, చిమ్నీ నాదే, పొగ కౌలుకిచ్చిన అనే మనిషి ఎదురొస్తే ఆ నవ్వు ఎంత లోతు నుంచి వస్తుందో ఊహించండి. 2002లో ఆ ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. చిమ్నీ ఉంది, పొగ లేదు. దాని మీద నవ్వే దొర కూడా ఆ దారిలో రావడం లేదు.

లండన్ వాళ్లకూ మనవాడికీ తేడా ఏమిటో దాచిపెట్టి లాభం లేదు. వాళ్లు చదువుకున్న ఇళ్ల పిల్లలు. తమ బడిలో చదివిన అధికారులనే, తమ ఇళ్లలో కూర్చునే మేజర్లనే వెక్కిరించారు. దెబ్బ తగిలితే ఉద్యోగానికి తగులుతుంది, అంతే. పిట్టల దొర వేసిన మనిషికి పొలం లేదు, ఊరు లేదు. ఆ మాటల్లో ఒక్కటి దొర చెవికి తేడాగా వినబడితే ఆ సాయంత్రానికి పొలిమేర దాటాల్సిందే. అందుకే అతని వెర్రి అంత పక్కాగా ఉండేది. అర్థం దొరికితే శిక్ష దొరుకుతుంది, అర్థమే లేకుండా చేస్తే ఎవరూ ఏమీ అనలేరు. జమీందార్లు, జాగీర్దార్లు, రజాకార్లు తిరిగిన నేల మీద అర్థం లేకుండా మాట్లాడగలగడం చిన్న విద్య కాదు. నా దృష్టిలో లండన్ బృందం కంటే మనవాడు గొప్ప కళాకారుడు. మన చుట్టం కదా అని మెచ్చుకోలుగా అంటున్న మాట కాదిది, రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించి అంటున్నాను.

నిజాం చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్య మన ఇందూరు ఖిల్లా జైల్లో ఖైదీగా ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అక్కడే. దాశరథి బొగ్గుముక్కతో జైలు గోడ మీద పద్యాలు రాశారని, చెరిపేస్తే మళ్లీ రాశారని మన జిల్లా పిల్లలందరికీ తెలుసు. తెలియాలి కూడా. ఆ పద్యాన్ని కంఠస్థం చేశాం, పాఠ్యపుస్తకంలో పెట్టుకున్నాం, గోడను చూడటానికి పోతున్నాం. అదే కాలంలో ఆ జైలుకు పది కోసుల దూరంలో, కళ్లం మీద, అదే సర్కారును టోపీ పెట్టి మరీ వెక్కిరించిన మనిషి పేరు ఒక్కటి మన దగ్గర లేదు. అతని ధోరణి ఒక్క పుటైనా ఆ రోజుల్లో ఎవరూ రాసిపెట్టలేదు. కోపాన్ని దాచుకున్నాం, నవ్వును పారేసుకున్నాం. జానపద గేయాల సేకరణకు బిరుదురాజు రామరాజు గారి వంటివారు జీవితాలు ధారపోశారు. పాటకు రాగం ఉంది, పల్లవి ఉంది, అది చేతికి చిక్కింది. పిట్టల దొర మాట ఏ రోజుకారోజు పుట్టేది. ఊరిని బట్టి, ఎదురుగా నిలబడ్డ పటేల్‌ను బట్టి మారేది. అది చేతికి చిక్కలేదు.

చిందు భాగోతానికీ ఇదే గతి పట్టింది. ఆర్మూర్‌లో ఉండిన చిందుల ఎల్లమ్మ ఆడవేషం, మగవేషం రెండూ కట్టి రాత్రుళ్లు తెల్లవార్లూ ఆడిన మహా కళాకారిణి. 2005లో కన్నుమూసింది. ఆమె గురించి నాలుగు మాటలైనా రాసుకున్నాం. ఆ ఆటలోనే రాజు గంభీరంగా నిలబడినప్పుడు పక్కన చేరి ఊరి భాషలో అతణ్ని నేలకు దించే బుడ్డర్‌ఖాన్ ఉంటాడు. దేవుడి కథ మధ్యలో వచ్చే ఆ హాస్యగాడి మాటల కోసమే నిద్ర ఆపుకున్న పిల్లలం మనం. బుడ్డర్‌ఖాన్ వేసినవాళ్ల పేర్లు ఎందరికి గుర్తున్నాయి?

ఆ నవ్వు పూర్తిగా చచ్చిపోయిందని చెప్పను. అది చాలాచోట్ల తలెత్తింది. 1996లో సానా యాదిరెడ్డి దర్శకత్వంలో అలీ హీరోగా 'పిట్టల దొర' సినిమా వచ్చింది. 2002లో కామారెడ్డిలో తెలంగాణ ఉద్యమ ఆటపాటల తొలి ధూంధాం జరిగింది. ఆ తర్వాత ఉద్యమ వేదికల మీద పాటల నడుమ పిట్టల దొర మళ్లీ టోపీ పెట్టుకుని నిలబడ్డాడు, ఈసారి ఎదురుగా వేల మంది. టీవీలో బిత్తిరి సత్తి వచ్చాడు. అతని వార్తల్లో సంబంధం లేని రెండు విషయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునే తీరులో, బిక్కముఖం పెట్టి అడిగే ప్రశ్నల్లో, మూలం ఎక్కడిదో మన వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. అతనే హీరోగా 2019లో 'తుపాకీ రాముడు' సినిమా కూడా వచ్చింది. 2021లో అనుదీప్ తీసిన 'జాతిరత్నాలు' జోగిపేట కుర్రాళ్ల కథ. అందులో కోర్టు ఘట్టం గుర్తుంది కదా, న్యాయశాస్త్రం ముక్క రానివాడు తన కేసు తానే వాదిస్తాడు, జడ్జి స్థానంలో బ్రహ్మానందం. కోర్టు అనే గంభీరమైన చోటు గాంభీర్యం అక్కడ ఎట్లా కరిగిపోతుందో చూస్తే లండన్ బృందం అభిమానులు లేచి చప్పట్లు కొడతారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి యూట్యూబ్ గంగవ్వ మాట దుబాయ్ క్యాంపుల్లో మన గల్ఫ్ బిడ్డల ఫోన్లలో వినబడుతోంది. పగలంతా ఎండలో పనిచేసి రాత్రి మంచం మీద వాలి వాళ్లు వెతుక్కునేది ఊరి నవ్వునే.

ఇంకోవైపు అదే వేషాన్ని చేజేతులా పాడుచేస్తున్నాం. ప్రభుత్వ పథకాల ప్రచారానికి, టీకాల ప్రచారానికి, ఓటు ప్రచారానికి పిట్టల దొరను తెచ్చి నిలబెడుతున్నారు. కళాకారుడికి నాలుగు రోజులు కూలి దొరుకుతుంది, అందుకు సంతోషమే. ఆ వేషంలో ఉన్న మనిషి చేతికి కరపత్రం ఇచ్చి ఉన్నదున్నట్టు చదవమనడం మాత్రం ఆ కళను నరికేయడం. సర్కారు టోపీని వెక్కిరించడానికి పుట్టిన టోపీ అది. దాన్ని పెట్టుకుని సర్కారు మాట చెప్పమంటే ఇక మిగిలేది ఖాకీ గుడ్డ మాత్రమే. టీకా మంచిదే, చెప్పడానికి వేరే వేషాలు ఉన్నాయి. కలెక్టర్ ఆఫీసుల్లో సాంస్కృతిక కార్యక్రమాలు చూసే అధికారులు ఈ ఒక్క మాట ఆలోచించాలని అడుగుతున్నాను: దొరను పిలవండి, డబ్బు ఇవ్వండి, మాట అతనికే వదిలేయండి.

లండన్‌లో కూడా నవ్వు దానంతట అదే నిలవలేదు. ఆ రోజుల్లో బీబీసీ టేపులు ఖరీదైనవని, ఒకసారి ప్రసారమైన కార్యక్రమం మీద ఇంకోటి రికార్డు చేసేది. పీటర్ కుక్, డడ్లీ మూర్ అనే ఇద్దరు మహా హాస్యగాళ్ల 'నాట్ ఓన్లీ బట్ ఆల్సో' కార్యక్రమంలో చాలా భాగం అట్లాగే చెరిగిపోయింది. మిలిగన్ చేసిన 'క్యూ 5'లోనూ కొన్ని భాగాలు దొరకవు. పైథాన్ బృందం 45 భాగాలూ దక్కాయి. 1974లో అమెరికాలో ప్రభుత్వ సహాయంతో నడిచే చిన్న టీవీ కేంద్రాలు డల్లాస్‌తో మొదలుపెట్టి వాటిని చూపించడంతో అక్కడ కొత్త అభిమానులు పుట్టారు. పుస్తకాలు, రికార్డులు వచ్చాయి. విన్నవాళ్లు స్నేహితులకు వినిపించారు, చూసినవాళ్లు కాలేజీల్లో ఆడి చూపించారు. ఒక హాస్యం చెరిగిపోవడానికీ మిగలడానికీ మధ్య ఉన్నది ఆ మనుషులే.

మన దగ్గరా అభిమానం బలం తెలియనిది కాదు. హాస్య చిత్రాల దర్శకుడు జంధ్యాల 2001లో పోయారు. ఆయన తీసిన 1987 నాటి 'అహ నా పెళ్ళంట' లోని పిసినారి మాట, నత్తి మాట, తిట్టు మాట ఇవాళ పుట్టిన పిల్లలకు కూడా ఫోను బొమ్మల్లో చేరిపోయాయి. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ప్రేమించినవాళ్లు పంచుకున్నారు. కోటు వేసుకుని నోరు మెదపని మిస్టర్ బీన్ బీబీసీ కూడా కాదు, ఇంకో చానల్‌లో 1990లో మొదలై 15 భాగాలతో ముగిసినవాడు. మన ఇందూరు గల్లీల్లో రెండో తరగతి పిల్లకు కూడా అతను తెలుసు. మిస్టర్ బీన్‌ను ప్రేమించిన పిల్ల పిట్టల దొరను ప్రేమించదా? చూపించలేదు కాబట్టి ప్రేమించలేదు, అంతే.

అందుకే ఈ దసరాకు పాఠకుల ముందు కొన్ని పనులు పెడుతున్నాం. పండుగ అయిపోగానే వరికోతలు, ఆ వెనుకే చెరుకు నరుకుడు. వర్ని, కోటగిరి, రుద్రూర్, రెంజల్, ఎడపల్లి, నవీపేట వైపు ఊళ్లలో ఇంకా కొందరు పెద్దలు ఈ వేషం కట్టినవాళ్లు ఉన్నారు. కట్టడం మానేసినా నోటికి ధోరణి ఉన్నవాళ్లు ఉన్నారు. అడగాలి. ఇంట్లో పిల్లల దగ్గర ఉన్న ఫోను చాలు. వేదిక మీద మూడు నిమిషాలు చేయించి పంపితే దొరికేది ఏమీ లేదు. కళ్లం మీదనో, చావడి ముందరనో, ఎదురుగా నలుగురు అడ్డు ప్రశ్నలు వేసేవాళ్లను కూర్చోబెట్టి, ఆగేదాకా వినాలి. ఆ అడ్డు ప్రశ్నలు లేకపోతే అతని మాట పుట్టదు. ఏ ఊళ్లో ఏ అధికారిని ఎట్లా మార్చి వెక్కిరించేవారో, తండ్రి నుంచి ఏం నేర్చుకున్నారో, ఏ మాట పటేల్ ముందు వదిలేసేవారో విడిగా కూర్చుని అడగాలి. ఆ వదిలేసిన మాటలే అన్నిటికంటే విలువైనవి.

డిచ్‌పల్లిలో 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ తెలుగు చదివే పిల్లలకు పరిశోధన అంశం కావాలంటే ఇంతకంటే దగ్గరిది దొరకదు. ఆ పక్కనే కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు ఉన్నారు. రికార్డులను ఊరి పేరుతో, వేషం కట్టిన మనిషి పేరుతో, మాటల పట్టికతో అమర్చే పని వాళ్లు చేయగలరు, వాళ్లకు వచ్చిన పైథాన్‌తోనే. ఆకాశవాణి నిజామాబాద్ కేంద్రం వారానికి ఒక అరగంట ఇవ్వగలిగితే మేలు. గూన్ షో బ్రిటన్‌లో రేడియో ద్వారానే ఒక తరాన్ని తయారుచేసిందని వాళ్లకు గుర్తుచేస్తున్నాం. పిట్టల దొరకు బొమ్మ లేకపోయినా నడుస్తుంది, అతని బలమంతా గొంతులోనే ఉంది.

రికార్డు చేసేవాళ్లకు మూడు మాటలు. ముందు అనుమతి అడగండి, వద్దంటే చేయి కలిపి వచ్చేయండి. ఆ రోజు కూలికి తగ్గకుండా, వీలైతే రెట్టింపు, మొదలుపెట్టకముందే చేతికివ్వండి. వీడియో ఎక్కడ పెట్టినా పేరు, ఊరు అతను చెప్పినట్టే రాయండి, అతను వద్దన్నది తీసేయండి. మాకు పంపినవాటిని అడిగినవారందరికీ ఉచితంగా ఇస్తాం, సంక్రాంతి సంచికలో ఊరివారీగా పేర్లు అచ్చు వేస్తాం.